కోడిపిల్ల కన్ను

చిత్తూరు నుంచి పలమనేరుకు, పలమనేరు నుంచి చిత్తూరుకు బస్సు తోలీ తోలీ నా జుట్టు తెల్లబడింది. మొగిలి ఘాటులో లారీల వాళ్ళు ఎన్ని వేషాలు వేసినా నా బస్సు కింద ఒక్క కోడిపిల్ల పడలేదు. ఈ గొప్పను ఇంట్లో రోజుకొకసారైనా చెప్పుకునేవాణ్ణి. దాని వెనకే ఇంకో మాట వచ్చేది. “ఇరవైలో పొయ్యేవానికి రోడ్డుమీద కోడిపిల్ల కన్నుగూడా కనబడతాది. నలభైలో పొయ్యేవానికి కోడే కనబడదు.” నేను మొదలుపెడితే నా భార్య మునిరత్నమ్మ పూర్తి చేసేది. అంతగా వినిపించాను.

మాకు ఒక్కతే కూతురు, నవీన. తిరుపతి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడు చదివేది. రోజూ చిత్తూరు నుంచి బస్సులోనే వెళ్ళి వచ్చేది. ఒకరోజు అన్నం తింటూ, స్కేట్‌బోర్డు చేస్తాను నాయనా అంది. అదేమిటో ఫోన్లో చూపించింది. ఒక చెక్క, కింద నాలుగు చక్రాలు, పైన నిలబడి జారుకుంటూ పోయే కుర్రాళ్ళు. పట్టుకోవడానికి ఏమీ లేదు, హారను లేదు. డ్రైవరు అనేవాడు చూసి ఓర్చుకునే బండి కాదది.

“దీనికి స్టీరింగు యాడుండాది?” అన్నాను.

“కాళ్ళే స్టీరింగు నాయనా.”

“బ్రేకు?”

“అదీ కాలే.”

“ఇంక తలకాయెందుకు? తీసి ఇంట్లో పెట్టి పో.”

నవీన పకపకా నవ్వింది. నా కోపానికి భయపడడం అది ఎప్పుడో మానేసింది. మూడు రోజులు వెంటపడితే చివరికి నేనే ఒక షరతు పెట్టాను. “నువ్వు యాడుండావో, ఎంత స్పీడులో పోతా ఉండావో నా ఫోన్లో నాకు కనబడల్ల. ఇరవై దాటితే ఆ చెక్క పొయ్యిలోకి పోతాది.”

దానితో వెనక్కి తగ్గుతుందనుకున్నాను. అది కాస్తా, “అదే ప్రాజెక్టుగా పెడతా నాయనా. ఇరవై దాటను” అని ఎంగిలి చేత్తోనే నా చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. మునిరత్నమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నవీన కట్టెల మిల్లులో పనసపలక కోయించుకుని వచ్చింది. చక్రాలు, ఇరుసులు పార్సిల్లో వచ్చాయి. మిగతాదంతా నవీన, దాని క్లాసుమేటు రెబెకా కలిసి మా ముందుగదిలో కూచుని అతికించారు. రెబెకా వాళ్ళది మా పక్క వీధే. వారం పాటు ఇల్లంతా కాలిన వైరు వాసన. బండి ఎక్కడుందో చెప్పే చిప్పును మొదట స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి బిగిస్తే జాడే దొరకలేదు. స్టీలు అడ్డముంటే పైనుంచి శాటిలైటు సిగ్నల్ దిగదట. అప్పుడు మునిరత్నమ్మ చింతపండు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాను ఖాళీ చేయించారు. నా ఫోన్లో మా వీధి మీద ఎర్రచుక్క మొదటిసారి వెలిగినప్పుడు ఇద్దరూ కేకలు పెట్టారు. “శ్రీహరికోటలో రాకెట్టు పంపినట్టు చేస్తా ఉండారే” అని వెక్కిరించాను గాని, లోపల పొంగిపోయాను.

స్పీడు ఎట్లా కొలుస్తారో నాకు నమ్మకం కుదరక అడిగితే రెబెకా విడమరచి చెప్పింది. పైనుంచి వచ్చే సిగ్నల్ చోటు చెప్పడానికి చాలు గాని, అంత చిన్న బండి స్పీడు చెప్పాలంటే నిలకడగా ఉండదట. అందుకని వెనక చక్రం లోపలి పక్క ఒక తెల్లపెయింటు చుక్క పెట్టారు. చక్రం నల్లగా ఉంటుంది కాబట్టి చుక్క తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దానికి ఎదురుగా చెక్క కింద గోరంత కన్ను. చుక్క ఆ కన్ను ముందుకు వచ్చినప్పుడల్లా చక్రం ఒక చుట్టు తిరిగినట్టు లెక్క. చుట్లను బట్టి స్పీడు కట్టి నా ఫోనుకు పంపుతుంది. నేను స్కూటరు పక్కనే నడిపి చూశాను. నా మీటరూ దాని లెక్కా ఒకటిగానే వచ్చాయి.

బండి అన్నాక పూజ చెయ్యకుండా రోడ్డెక్కించే ఇల్లు కాదు మాది. మునిరత్నమ్మ దాన్ని చక్రాల పీట అనేది. పీటకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నవీన వాటిని తొక్కించి బయటికి తీసింది. కాలేజీలో పిల్లలు ఆ బొట్లు చూసి, అమ్మవారు ఊరేగింపుకు బయల్దేరిందా అని ఏడిపించారట. ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ దీనికి బొట్లు పెట్టొద్దని తల్లికి గట్టిగా చెప్పింది. మునిరత్నమ్మ సరే అంది. అంత సులభంగా సరే అనే మనిషి కాదు ఆమె.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత నా ఫోన్లో ముప్పై, ముప్పై అయిదు కనబడడం మొదలైంది. రోజూ కాదు, అప్పుడప్పుడు. ఒక శనివారం ఇంటికి రాగానే నిలదీశాను.

“నేను ఇరవై దాటలేదు నాయనా. ఆ లెక్కలోనే ఏందో తిక్క ఉండాది. పరీక్షలు అయిపోనీ, విప్పి సూస్తాం.”

“మీటరు చేసింది ఎవురు? నువ్వే గదా. ఎంతమంది డ్రైవర్లను సూసినాను నేను. దొరికిపోయినోడు మొదట మీటరునే తిడతాడు.”

“నా మాట కంటే నీకు అదే ఎక్కువా?”

“అది అబద్ధం చెప్పదు.”

నవీన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. మునిరత్నమ్మ గడప దగ్గర కూచుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది.

ఆ పై శనివారం పరీక్ష లేదు, పొద్దున నవీన పీట తీసుకుని బైపాస్ సర్వీసు రోడ్డుకు వెళ్ళింది. మామూలు రోజుల్లో కాలేజీలో, ఆదివారాలు, సెలవులు అక్కడ నడుపుకునేది. నేను మంచం మీద కూచుని ఫోన్లో ఎర్రచుక్కను చూస్తున్నాను. ముప్పై ఎనిమిది చూపించింది. “రానీ, దాని సంగతి చెప్తా” అన్నాను మునిరత్నమ్మతో. ఏమేం తిట్టాలో వరసగా అనుకుని పెట్టుకున్నాను. చుక్క వంతెన కిందికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను.

చుట్టు తిరిగి రావడానికి బద్ధకించి ఒక కారతను రాంగ్ రూట్లో వంతెన కిందికి దూరాడు. అక్కడ దారి ఇరుకు. ఒక పక్క వంతెన గోడ, ఇంకో పక్క కాలువ గోడ. నా బిడ్డ అక్కడికక్కడే పోయింది.

చెయ్యాల్సిన కర్మలన్నీ చేశాను. పటం మాత్రం కట్టించనన్నాను. మునిరత్నమ్మ ఫొటో తీసుకుని వచ్చి, పెద్దది చేయించి దండ వేద్దామని ఎన్నిసార్లు అడిగినా, “నా చేతిలో చెయ్యేసి మాట తప్పింది. దానికి పటమెందుకు?” అని కసిరాను. ముప్పై ఎనిమిది. ఆ అంకె నా కళ్ళముందు నుంచి పోలేదు. చచ్చిపోయిన బిడ్డ మీద కోపం పెట్టుకుని బతకడం ఎట్లా ఉంటుందో చెప్పలేను. ఏడుద్దామని కూచుంటే తిట్లు వచ్చేవి.

మునిరత్నమ్మకు మాత్రం ఆ అంకే ఆసరా అయింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట. “అంత స్పీడులో బిడ్డకు ఏమీ తెలిసుండదు. కన్ను మూసి తెరిచే లోపల అయిపోయింటాది.” ఆ మాట అన్నాక ఒక ముద్ద తినేది. అనని రోజు తినేది కాదు. పోలీసులు సంతకం చేయించుకుని పీటను తిరిగి ఇచ్చినప్పుడు, రక్తం మరకతో ఇంట్లో పెట్టుకోకూడదని ఆ సాయంత్రమే బావి దగ్గర కూచుని చక్రాలతో సహా కడిగింది. నేను పొడిగుడ్డ అందించాను.

కారు నడిపిన అతని మీద కేసు నడిచింది. అతని వకీలు మా ఆయుధంతోనే మమ్మల్ని కొట్టాడు. ఆ అమ్మాయి తానే చేసుకున్న యంత్రం, తండ్రి ఫోనుకు తానే పంపిన లెక్క, ముప్పై ఎనిమిది. బాణంలాగా వచ్చి పడితే మా క్లయింటు ఏం చెయ్యగలడు అన్నాడు. ఊళ్ళోనూ అదే మాట నడిచింది. ఆడపిల్లకు అంత స్పీడెందుకని నా ముందే అన్నారు. నేను తలవంచుకుని విన్నాను, ఎందుకంటే నేనూ అదే అంటున్నాను.

యంత్రం గురించి సాక్ష్యం చెప్పడానికి రెబెకాకు సమన్లు వచ్చాయి. నవీన పోయినప్పటి నుంచి ఆ పిల్ల ఆ లెక్కలను ముట్టుకోలేదు. ఇప్పుడు తప్పక తెరిచింది. ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మునిరత్నమ్మ రేషను షాపుకు పోయి ఉంది.

“అంకుల్, ఒకటి సూడండి. చక్రం లెక్క ప్రకారం ఎంత దూరం పోయిందో ఈడ ఉండాది. మ్యాపు ప్రకారం ఎంత దూరం పోయిందో ఆడ ఉండాది. రెండూ ఒకటే రావల్ల గదా? సోమవారం నుంచి గురువారం దాకా ఒకటే వస్తా ఉండాది. ఆదివారం కూడా పరవాలేదు. శుక్రవారం, శనివారం మటుకు చక్రం లెక్క సరిగ్గా రెండింతలు. ప్రతి వారం ఇట్లనే.”

“మిషను చెడిపోయిందా?”

“చెడిపోతే ఏదో ఒకటి వస్తాది గాని సరిగ్గా రెండింతలు రాదు అంకుల్. చక్రం మీద ఇంకో చుక్క ఉంటే వస్తాది. నలుపు మీద ఏ లేతరంగు చుక్కయినా ఆ కన్నుకు ఒకటే. ఒక చుట్టు తిరిగితే రెండు చుక్కలు కనబడతాయి. రెండు చుట్లు అనుకుంటాది.”

శుక్రవారం అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, గడపకు పసుపు రాశాక మునిరత్నమ్మ పీటను ఒడిలో బోర్లా పెట్టుకుని కూచునేది. తుడుస్తున్నదనుకునేవాణ్ణి. కాఫీ తాగుతూ ఎన్ని శుక్రవారాలు చూశానో.

“అయితే ఆ రోజు?” అన్నాను.

“ముప్పై ఎనిమిదిలో సగం అంకుల్. పంతొమ్మిది.”

ఆ పిల్ల ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను. ఏడాది పైన దిగని ఏడుపు ఒక్కసారే దిగింది. నా బిడ్డ మాట తప్పలేదు. మాట తప్పలేదని నాకు చెప్పింది కూడా. నేను ప్లాస్టిక్ డబ్బాను నమ్మాను.

పీటను తిరగేసి చూశాం. తెల్లపెయింటు తప్ప చక్రం మీద ఏమీ లేదు. ఎట్లా ఉంటుంది, బావి దగ్గర కడిగేశాం కదా. పోలీసులు తీసిన ఫొటోల్లో చక్రాల బయటి పక్కే ఉంది. ఇంక ఆ బొట్టు ఉన్నదని చెప్పగలిగింది ఈ లోకంలో మునిరత్నమ్మ ఒక్కతే. ప్రభుత్వ వకీలు మోహన్‌కృష్ణ అదే చెప్పాడు. “ఆమెను బోనెక్కించాలి. ఎందుకు అడుగుతున్నామో ముందు చెప్పకండి. తెలిస్తే చిలకలాగా నేర్పి తెచ్చారంటారు.”

ఆయన చెప్పకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు. నీ పసుపు వల్లే బిడ్డకు ఈ చెడ్డపేరు వచ్చిందని ఆమెతో ఏ నోటితో చెప్పేది? ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను. “పీటకు నువ్వు బొట్టు పెడతా ఉంటివా?”

ఆమె తరగడం ఆపి, దొరికిపోయిన చిన్నపిల్లలాగా చూసింది. “పెడతా ఉంటిని. పాప వద్దనింది గదా, అందుకని దానికి కనబడకుండా లోపల పక్క పెడతా ఉంటిని. ఆ చక్రం మీద తెల్లచుక్క ఒంటిగా ఉంటే బోసిమొగం మాదిరి ఉండాదని, దానికి ఎదురుగా పసుపుబొట్టు పెట్టి మద్దిలో కుంకుమ అద్దేదాన్ని. రెండు దినాలు ఉండి రాలిపోతాది. మళ్ళా శుక్రవారం పెడతా.” కొంచెం ఆగి, “ఏం, తప్పా?” అంది.

“తప్పేముండాది. కోర్టులో అడగతారంట. ఇట్లనే చెప్పు.”

మర్నాడే నవీన ఫొటో పెద్దది చేయించి పటం కట్టించి తెచ్చాను. మునిరత్నమ్మ ఏమీ అడగలేదు. ఎందుకు అడుగుతుంది, ఇన్నాళ్ళకు నాకు బుద్ధి వచ్చిందనుకుంది. పటానికి పసుపుబొట్టు పెట్టి, దండ వేసి, ముందు కూచుని చాలాసేపు దానితో మాట్లాడింది.

కోర్టు రోజున పెట్టెలో చీర తీసి కట్టుకుంది. మొదట రెబెకా లెక్కలు చెప్పి దిగిపోయింది. సాక్షులు బయటే ఉండాలి కాబట్టి అదేమీ మునిరత్నమ్మ వినలేదు. పిలిచినప్పుడు వచ్చి బోనులో నిలబడి, ఇంట్లో నాతో చెప్పినట్టే చెప్పింది. తలస్నానం దగ్గర మొదలుపెట్టి, ఏ వేలితో పసుపు తీస్తుందో కూడా చెప్పింది. చివరి శుక్రవారం కూడా పెట్టారా అని మోహన్‌కృష్ణ అడిగితే, “బిడ్డకు పరీక్షలు సామీ. ఆ వారం ఎట్ల మానతాను?” అంది జడ్జీ వైపు చూసి. కోర్టు గుమాస్తా కూడా రాయడం ఆపి ఆమెనే చూశాడు.

కారతని వకీలు లేచాడు. “ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా?”

“బొట్టు పెట్టేది నాకొకరు నేర్పల్లా?” అంది.

ఎవరో నవ్వారు. వకీలు నవ్వలేదు. కాగితాలు సర్దుకుని, గొంతు మెత్తగా చేసుకుని అడిగాడు. “సరేనమ్మా. మీరు పెట్టిన ఆ పసుపుబొట్టు వల్ల మిషను రెండింతలు చూపించిందని మీవాళ్ళు చెబుతున్నారు. అంటే మీ అమ్మాయి ముప్పై ఎనిమిదిలో కాదు, పంతొమ్మిదిలోనే పోతున్నది. సైకిలంత మెల్లగా. అంత మెల్లగా వచ్చే మనిషికి ఎదురుగా వచ్చే కారు వంతెన ఆ చివర నుంచే కనబడుతుంది కదా. చూస్తూ చూస్తూ ఎందుకు తప్పుకోలేదు?”

మోహన్‌కృష్ణ లేచి అభ్యంతరం చెప్పాడు. సాక్షి అక్కడ లేదు, ఆమె ఏం చెబుతుంది అన్నాడు. జడ్జీ గారు ఒప్పుకుని, జవాబు చెప్పనక్కర్లేదమ్మా అన్నారు. ఆ మాటలేవీ ఆమె విన్నట్టు లేదు. బోను కర్రను రెండు చేతులా పట్టుకుని, వకీలునూ జడ్జీనీ వదిలేసి, వెనక బెంచీలో ఉన్న నన్ను చూసింది.

“పంతొమ్మిదా?” అని అడిగింది.

తల ఊపాను. ఇంకేం చెయ్యను.

బయటికి వచ్చాక మోహన్‌కృష్ణ నా భుజం తట్టాడు. కేసు నిలబడింది, జడ్జిమెంటులో పంతొమ్మిది అనే రాస్తారు, మీ బిడ్డకు మచ్చ పోయింది అన్నాడు. అదే కదా నాకు కావలసింది. ఆ మాట కోసమే కదా ఇన్ని వాయిదాలు తిరిగాను. దండం పెట్టి వచ్చేశాను.

ఆటో కోసం కోర్టు గేటు దగ్గర నిలబడ్డాం. మామిడికాయల లారీ ఒకటి అడ్డంగా ఆగి రోడ్డంతా హారన్లు. మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పసుపు గురించి అడుగుతుందనుకున్నాను. నా వల్లే బిడ్డ మాట పడిందా అంటుంది, దానికేం చెప్పాలో సిద్ధం చేసుకుంటున్నాను.

“ఏమయ్యా” అంది. “ఇన్నాళ్ళూ ఏమీ తెలీకుండా పోయిందనుకుంటా ఉంటినే.”

నేను మచ్చ ఒక్కటే చూశాను. ఇది నాకు తట్టనే లేదు.

“నువ్వు డ్రైవరువి. నిజం చెప్పు. కారు వస్తా ఉండేది సూసింటాదా?”

పొద్దున పది గంటల వేళ. వంతెన కింద ఆ కొస నుంచి ఈ కొస దాకా వెలుతురే. రెండు పక్కలా గోడలు. అవన్నీ నేను వెళ్ళి చూసినవే.

“లేదు మునిరత్నా” అన్నాను. “ఏమీ కనబడుండదు.”

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు.

“ఇరవైలో పోతే కోడిపిల్ల కన్ను గూడా కనబడతాదంటివి గదయ్యా” అంది.

ఆటో వచ్చి ఆగింది. ఎక్కడికని డ్రైవరు అడిగాడు.